కొవ్వును గుర్తుపట్టలేని మందు: గడ్డం కింది ఇంజెక్షన్ల మీద ఒక చర్మవైద్యురాలి ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

ఈరోజు విషయం డబుల్ చిన్. సరిగ్గా చెప్పాలంటే, అది కరగడానికి గడ్డం కింద చేసే ఇంజెక్షన్లు, వాటి తర్వాత వచ్చే ఇబ్బందులు. మీరు ముందుగా రాసి పంపిన చీటీలు చూశాను. చాలావాటిలో ఉన్నది ఒకే టెన్షన్. "చేయించుకుని నాలుగు రోజులైంది, కరగడం అటుంచి గడ్డం రెండింతలైంది, ఇది మామూలేనా?" "ముట్టుకుంటే స్పర్శ తెలియడం లేదు, నరం పోయిందా?" "లోపల గోలీకాయల్లా తగులుతున్నాయి, ఇంకేదైనా జబ్బా?" ఒక్కోదానికి విడిగా జవాబు చెప్పేకంటే ఒక్క సంగతి చెబితే చాలావాటికి మీరే జవాబు చెప్పుకోగలరు. ఈ మందుకు కొవ్వు ఏదో, నరం ఏదో, చర్మం ఏదో తెలియదు. ఎక్కడ పడితే అక్కడి కణాల పొరను ఛేదిస్తుంది. దానికి తెలిసిన పని అదొక్కటే.

మందు పేరు డీఆక్సీకోలిక్ యాసిడ్. కొత్త పదార్థమేమీ కాదు, మనందరి ఒంట్లోనూ ఉంది. కాలేయం పైత్యరసంలోకి ఒక ఆమ్లాన్ని వదిలితే, పేగుల్లో ఉండే బ్యాక్టీరియా దాన్ని ఈ రూపంలోకి మారుస్తుంది. మనం తిన్న నూనె, నెయ్యి అరగడానికి సాయం చేయడం దాని ఉద్యోగం. గిన్నెకు పట్టిన జిడ్డును సబ్బు ఎలా విడదీస్తుందో అలాగన్నమాట. పేగులో ఉన్నంతసేపు అది సాధువే. ప్రయోగశాలలో తయారుచేసి సీసాలో నింపి, సూదితో చర్మం కిందికి పంపితే అక్కడి కొవ్వు కణాల గోడలు పగిలిపోతాయి. కణం చచ్చిపోతుంది, లోపలి కొవ్వు బయటపడుతుంది, ఆ శిథిలాలు ఎత్తిపోయడానికి రక్తంలోని తెల్లకణాలు వస్తాయి. ఈ రావడాన్నే మనం వాపు అంటాం. వాపు రాకుండా ఈ మందు పనిచేయదు.

మరి పక్కనున్న కండరం, చర్మం ఎందుకు కరిగిపోవు అని అడగొచ్చు. వాటిలో ప్రోటీన్ ఎక్కువ. ప్రోటీన్ ఈ ఆమ్లాన్ని అంటిపెట్టుకుని దాని జోరు తగ్గిస్తుంది. కొవ్వులో ప్రోటీన్ తక్కువ కాబట్టి దెబ్బ దానికే గట్టిగా తగులుతుంది. గమనించండి, ఇది తేడా మాత్రమే, రక్షణ కాదు. మోతాదు పెరిగినా, సూది పైపైన దిగినా, తప్పు చోట పడినా చర్మం కూడా చచ్చిపోగలదు.

దీని కథ కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇప్పటి గొడవల్లో సగం అక్కడే పుట్టాయి. జర్మనీ నుంచి వచ్చిన లిపోస్టాబిల్ అనే మందు ఉండేది. ఫాస్ఫటిడైల్ కోలిన్ అనే కొవ్వు పదార్థం అందులో ప్రధానం. రక్తనాళంలోకి ఎక్కించడానికి తయారైన మందు అది, అందం కోసం కాదు. బ్రెజిల్‌లో పాట్రీసియా రిట్టెస్ అనే చర్మవైద్యురాలు దాన్ని కంటి కింది కొవ్వు సంచుల్లోకి ఇచ్చి 2001లో ఫలితాలు ప్రచురించారు. ఇంకేముంది, ప్రపంచమంతా పొట్టలోకీ తొడల్లోకీ పొడవడం మొదలైంది. అమెరికాలో లిపోడిజాల్వ్ పేరుతో ఊరూరా దుకాణాలు వెలిశాయి. ఆ తర్వాత లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రొటుండా, కొలోడ్నీ బృందం ఒక చిన్న అనుమానంతో పరీక్ష చేసింది. ఫాస్ఫటిడైల్ కోలిన్ నీళ్లలో కలవదు కాబట్టి, కలపడానికి డీఆక్సీకోలేట్, అంటే మన డీఆక్సీకోలిక్ యాసిడ్ లవణం, చేరుస్తారు. అసలు పని చేస్తున్నది ఆ చేర్చినదే కాదా అని వాళ్ల సందేహం. 2004లో తేలింది: అవును, కణాన్ని పగలగొట్టేది ఆ కలపడానికి వాడినదే. అంటే పేరు ఒకరిది, పని ఇంకొకరిది. మన ఆఫీసుల్లో చూస్తూనే ఉంటాం కదా. (నవ్వులు)

ఆ పదార్థాన్ని ఒక్కదాన్నే తీసుకుని కైథెరా అనే కాలిఫోర్నియా కంపెనీ సరైన పరీక్షలు చేయించింది. 2015 ఏప్రిల్‌లో అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అక్కడ పేరు కైబెల్లా, కెనడాలో బెల్కైరా. అదే ఏడాది కైథెరాను అలెర్గాన్ కొనేసింది. అనుమతి దేనికి ఇచ్చారో జాగ్రత్తగా వినండి. పెద్దవాళ్లలో, గడ్డం కింద, మధ్యస్థం నుంచి ఎక్కువ స్థాయి కొవ్వుకు. పొట్టకు కాదు, చేతులకు కాదు, బ్లౌజు పక్కన కనిపించే మడతకు అసలే కాదు. ఒకసారికి ఒక్కో చోట 0.2 మిల్లీలీటర్ల చొప్పున, సెంటీమీటరు ఎడంతో, 50 పోట్ల వరకు. మొత్తం 10 మిల్లీలీటర్లు దాటకూడదు. రెండు విడతల మధ్య కనీసం నెల. విడతలు ఆరుకు మించకూడదు.

50 పోట్లు అనగానే ముందు వరుసలో ఇద్దరు గడ్డం పట్టుకున్నారు. నిజమే, ఆ సంఖ్య మా ప్రకటనల్లో కనిపించదు. "లంచ్ టైమ్‌లో చేయించుకుని ఆఫీసుకు వెళ్లిపోండి" అని ఉంటుంది. వెళ్లొచ్చు, కానీ మర్నాడు మాస్కు పెట్టుకుని వెళ్లాలి. నా వృత్తివాళ్ల మీద నాకున్న ఫిర్యాదు ఇదే. వాపు వస్తుందని ముందు చెబితే కస్టమర్ వెళ్లిపోతుందేమోనని చెప్పరు. తీరా వాచాక ఆ అమ్మాయి అర్ధరాత్రి ఫోన్‌లో వెతుక్కుంటూ కూర్చుంటుంది. ముందు చెబితే అది మామూలు సంగతి అయ్యేది. చెప్పకపోవడం వల్ల ప్రమాదంలా కనిపిస్తుంది.

ఇప్పుడు లెక్కలు. అనుమతికి ఆధారమైన రెండు పెద్ద పరీక్షలు అమెరికా, కెనడాల్లో జరిగాయి. వెయ్యిమందికి పైగా పాల్గొన్నారు. సగంమందికి మందు, సగంమందికి మందు లేని ఉత్తుత్తి ద్రవం. ఎవరికి ఏది వెళ్తోందో చేసేవాళ్లకీ తెలియదు, చేయించుకునేవాళ్లకీ తెలియదు. ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడటం నాకు భలే ఇష్టం.

కమిలిపోవడం తీసుకోండి. మందు పుచ్చుకున్నవాళ్లలో 72 శాతం, ఉత్తుత్తి ద్రవం పుచ్చుకున్నవాళ్లలో 70 శాతం. అంటే కమిలినది మందు వల్ల కాదు, సూది వల్ల. ఆ నల్లటి మచ్చ చూసి "మందు రియాక్షన్ ఇచ్చింది" అని బెదిరిపోనక్కర్లేదు. వాపు చూడండి: 87 శాతం, 39 శాతం. సూదికి కొంత, మందుకు ఎక్కువ. నొప్పి 70, 32. ఇక మొద్దుబారడం: మందు పుచ్చుకున్నవాళ్లలో 66 శాతం, రెండోవాళ్లలో 6 శాతం. ఇది దాదాపు పూర్తిగా మందు పనే. కొవ్వులోంచి వెళ్లే సన్నటి స్పర్శ నరాలకు కూడా ఆ మందు తగిలింది కాబట్టి. అందుకే కదా మొదట్లోనే అన్నాను, దానికి తేడా తెలియదని.

ఎన్నాళ్లు ఉంటాయి అన్నది అసలు ప్రశ్న. వాపు మొదటి రెండు మూడు రోజులు బాగా ఉండి తర్వాత తగ్గుముఖం పడుతుంది. కానీ అందరికీ వారంలో పోదు. నెల దాటినా మొద్దుబారడం మిగిలినవాళ్లు ఆ పరీక్షల్లో 42 శాతం, వాపు మిగిలినవాళ్లు 20 శాతం, నొప్పి 16, గట్టిదనం 13. కాబట్టి నెల తర్వాత కూడా గడ్డం కింద ఎవరిదో చర్మం అతికించినట్టుంటే మీరు ఒంటరివారు కారు. మెల్లగా స్పర్శ తిరిగొస్తుంది. వచ్చేటప్పుడు కొందరికి చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు ఉంటుంది. ఆ గోలీకాయల సంగతి కూడా ఇదే. చచ్చిన కొవ్వును శుభ్రం చేస్తూ శరీరం అక్కడ కొత్త పీచు కట్టుకుంటోంది. క్యాన్సర్ కాదు. మీ అంతట మీరు గట్టిగా నలపకండి. ఉప్పు కాపడం కూడా వద్దమ్మా, స్పర్శ లేని చర్మం మీద వేడి మూట పెడితే కాలినా తెలియదు. మొదటి రోజుల్లో చల్లటి గుడ్డ, తల కింద ఇంకో దిండు, నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్, అంతే.

(సభలోంచి ఒకరు: "డాక్టర్ గారూ, వంకాయ తినొచ్చా? చీము పడుతుందంటారు.")

ఈ ప్రశ్న రాకుండా నేను ఏ ఊళ్లోనూ వేదిక దిగలేదు. తినండమ్మా. వంకాయ తినండి, గోంగూర తినండి, వేటమాంసం తినండి. ఈ వాపు నంజు కాదు, చీము కాదు. చీము పట్టేది వంకాయ వల్ల కాదు, శుభ్రత లేని సూది వల్ల. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇక భయపడాల్సినవి. వీటి మీద కాస్త నెమ్మదిగా మాట్లాడతాను.

మొదటిది మూతి వంకర. నవ్వినప్పుడు ఒకవైపు కింది పెదవి దిగదు, నవ్వు పక్కకు పోతుంది. ఇంట్లో చూసినవాళ్లు పక్షవాతం అనుకుని గుండె జారిపోతుంది. దవడ ఎముక కింది అంచు వెంబడి సన్నటి నరం ఒకటి నడుస్తుంది. కింది పెదవిని కిందికి లాగే కండరానికి ఆజ్ఞలు తీసుకెళ్లేది అదే. మందు దానికి తగిలితే కొన్నాళ్లు అది మాట్లాడదు. పరీక్షల్లో 4 శాతం మందికి ఇలా జరిగింది. అందరికీ దానంతట అదే తగ్గింది. అయితే ఎన్నాళ్లకు? ఒక్కరోజులో తగ్గినవాళ్లున్నారు, 298 రోజులు పట్టినవాళ్లూ ఉన్నారు. వరసలో పెడితే మధ్యన నిలిచేవాళ్లకు 44 రోజులు. "తగ్గిపోతుంది" అని డాక్టరు ఒక్క ముక్క అనేసి పంపిస్తే చాలదు. 298 రోజులు అంటే ఒక బిడ్డ పుట్టేంత కాలం. పెళ్లి ఫొటోలు, ఉద్యోగం ఇంటర్వ్యూలు, టీవీలో వార్తలు చదివే అమ్మాయి అయితే ఆవిడ జీతం, అన్నీ ఆ కాలంలోనే ఉంటాయి.

అన్ని వంకరలూ ఆ నరంవల్లే రావు. మెడ మీద పలచటి పరదాలా పరుచుకున్న ప్లాటిస్మా అనే కండరం నీరసించినా నవ్వు అలాగే కనిపిస్తుంది, అది సాధారణంగా త్వరగా కోలుకుంటుంది. కింది పెదవిని బయటికి తిప్పగలుగుతున్నారా లేదా చూసి డాక్టరు తేడా పట్టగలరు. కానీ ఒక హెచ్చరిక. మూతి వంకరతో పాటు చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా, కన్ను మూతపడకపోయినా దాన్ని ఇంజెక్షన్ ఖాతాలో రాయకండి. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి. గడ్డం కింద ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్లకు పక్షవాతం రాకూడదని రూలేమీ లేదు.

రెండోది మింగడం కష్టమవడం. పరీక్షల్లో 2 శాతం మందికి. వాపు ఒత్తిడి వల్ల వస్తుంది. చాలామందికి మూడు రోజుల్లో సర్దుకుంది, కొందరికి 81 రోజుల దాకా పట్టింది. అంతకుముందే మింగుడు సమస్య ఉన్నవాళ్లు ఈ జోలికి వెళ్లకూడదు. ఊపిరి ఆడనట్టుంటే మాత్రం ఫోన్లు, మెసేజ్‌లు పెట్టుకుంటూ కూర్చోవద్దు, అంబులెన్స్ పిలవండి.

మూడోది అసలైన ఎమర్జెన్సీ. సూది పొరపాటున రక్తనాళంలోకి దిగితే, లేదా మందు చర్మంలోకే పైపైన పడితే. ఇచ్చిన కాసేపట్లోనే తట్టుకోలేని నొప్పి, చర్మం తెల్లబోవడం లేదా వలలాగా నీలి గీతలు, తర్వాత నల్లబడటం, పుండు పడటం. బుగ్గల్లోకి, పెదవుల్లోకి నిండుదనం కోసం ఇచ్చే హైలురోనిక్ ఫిల్లర్‌తో ఇలా జరిగితే దాన్ని కరిగించే ఎంజైమ్ ఉంది. దీనికి విరుగుడు లేదు. పోసింది పోసిందే. అందుకే క్లినిక్ నుంచి బయటకు వచ్చేముందు అద్దంలో గడ్డం కింద ఒకసారి చూసుకోండి. వాపుకు, తెల్లబోవడానికి తేడా మీకే కనిపిస్తుంది.

మగవాళ్లు కొందరు వచ్చారు, వాళ్లకోసం ఒక మాట. గడ్డం పెంచేవాళ్లకు ఇంజెక్షన్ చేసిన చోట్ల వెంట్రుకలు రాలి అక్కడక్కడా ఖాళీలు కనిపించవచ్చు. మందు కాగితంలోనే ఈ సంగతి రాసి ఉంటుంది. గడ్డం షేప్ కోసమే ఇది చేయించుకునేవాళ్లు ఎక్కువ కాబట్టి చెబుతున్నాను.

నాలుగోది ఆలస్యంగా వస్తుంది. వాపు తగ్గి, హమ్మయ్య అనుకున్నాక, కొన్ని వారాలకు ఎర్రటి గడ్డలు లేస్తాయి, చితుకుతాయి, రసి కారుతుంది. మామూలు యాంటీబయాటిక్ కోర్సు వాడితే తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తాయి. అప్పుడు అనుమానించాల్సినవి టీబీ క్రిమికి దాయాదుల్లాంటి మైకోబ్యాక్టీరియాలు. నీళ్లలో, మట్టిలో ఉంటాయి. శుభ్రత పాటించని చోట సూది ద్వారా లోపలికి వెళ్తాయి. రసినీ, చిన్న ముక్కనూ పరీక్షకు పంపితే గానీ తేలవు. రెండు మూడు మందులు కలిపి నెలల తరబడి వాడాలి. మచ్చ మిగులుతుంది.

ఈ నాలుగోదాని గురించే నాకు ఎక్కువ బెంగ. ఎందుకంటే ఇది డీఆక్సీకోలిక్ యాసిడ్ చేసే హాని కాదు, మనం ఏ సీసా, ఎవరి చేతిలో అన్నది పట్టించుకోకపోవడం వల్ల వచ్చే హాని. లిపోడిజాల్వ్ దుకాణాలకు ఎఫ్‌డీఏ 2010లోనే హెచ్చరిక లేఖలు రాసింది. మళ్లీ 2023లో జనానికి పేర్లు పెట్టి చెప్పింది: అక్వాలిక్స్, లిపోడిజాల్వ్, లిపో ల్యాబ్, కాబెలీన్. వీటికి తమ అనుమతి లేదని, శాశ్వతమైన మచ్చలు, తీవ్రమైన ఇన్ఫెక్షన్లు, చర్మం రూపు మారిపోవడం, లోపల నొప్పెట్టే గడ్డలు వచ్చినట్టు ఫిర్యాదులు అందాయని. ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఇంట్లో తమకు తామే పొడుచుకున్నవాళ్లూ ఉన్నారు అందులో. అద్దంలో చూసుకుంటూ గడ్డం కింద! దవడ అంచున నడిచే ఆ నరం ఎక్కడుందో నేను చదువుకునేటప్పుడు శవం మీద వెతికితేనే దొరకడానికి చెమటలు పట్టాయి.

మన దగ్గర పరిస్థితి కొంచెం వేరు. ఇంట్లో పొడుచుకోవడం తక్కువ. కానీ బ్యూటీ పార్లర్‌కు, స్కిన్ క్లినిక్‌కు మధ్య గోడ చాలా పలచన అయిపోయింది. తెల్లకోటు వేసుకున్నవాళ్లందరూ డాక్టర్లు కారు. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడిగితే కోపం వచ్చే డాక్టరు దగ్గర గడ్డం ఎత్తి కూర్చోవద్దు. సీసా మీ ఎదుటే తెరవమనండి. లేబుల్ మీద మందు పేరు, ఒక మిల్లీలీటరులో ఎన్ని మిల్లీగ్రాములు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. "కాక్‌టెయిల్ అండీ, మా స్పెషల్" అంటే చెప్పులు వేసుకుని వచ్చేయండి.

ఇంతకీ మీ గడ్డం కింద ఉన్నది కొవ్వేనా? ఇది అడగకుండా సూది పట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. థైరాయిడ్ ఉబ్బినా, లాలాజల గ్రంథి కిందికి జారినా, బిళ్లలు కట్టినా అక్కడ నిండుగానే కనిపిస్తుంది. కొందరికి కింది దవడే పుట్టుకతో వెనక్కి ఉంటుంది, వాళ్లకు సన్నగా ఉన్నా డబుల్ చిన్ పోదు. యాభై దాటినవాళ్లలో ఎక్కువగా ఉండేది వదులైన చర్మం. కొవ్వు తీసేస్తే అది ఇంకా వేలాడుతుంది. కొవ్వే ఉన్నా, ప్లాటిస్మా కండరానికి పైన ఉన్నదానికే ఈ మందు. లోపల ఉన్నదానికి కాదు. పళ్లు గట్టిగా బిగించి మెడ కండరం లాగమని చెప్పి, వేళ్లతో గిల్లి చూస్తే పైన ఎంత ఉందో తెలుస్తుంది. అరనిమిషం పని. ఆ అరనిమిషం ఎవరూ పెట్టకపోతే మీరు తప్పు చోటికి వచ్చారని అర్థం.

పెళ్లిళ్ల సంగతి. మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడగానే మా దగ్గరికి తల్లులు కూతుళ్లను వెంటబెట్టుకుని వస్తారు. "మూడు వారాల్లో పెళ్లండీ, ఈలోగా కరిగిపోవాలి." ఆ లోగా కరగదు, వాస్తుంది. చాలామందికి ఒకటికంటే ఎక్కువ విడతలు కావాలి, మధ్యన నెలకు తగ్గకుండా ఎడం ఉండాలి, ఆ తర్వాత తేడా తెలియడానికి ఇంకొన్ని వారాలు. కనీసం ఆరు నెలల ముందు రావాలి. లేదంటే ఫొటోగ్రాఫర్‌కు కెమెరా కాస్త పైనుంచి పెట్టమని చెప్పండి, ఖర్చు తక్కువ. నేను నిజంగానే ఇలా చెప్పి పంపించేస్తాను. కొందరు పక్క వీధి క్లినిక్‌కు వెళ్తారు, అది వేరే సంగతి.

ఇంకో ప్రశ్న ఉంది, ఆన్‌లైన్‌లో డల్లాస్ నుంచి వింటున్న ఒకావిడ పంపారు. "సెలవుల్లో హైదరాబాద్ వస్తున్నాను, అక్కడ చవక కదా, చేయించుకుని వెళ్లొచ్చా?"

చవకే, కాదనను. కానీ లెక్క ఇలా వేసుకోండమ్మా. మీరు వచ్చిన వారానికి చేయించుకుంటే వాపు ఇక్కడ ఉంటుంది, గట్టిదనం, మొద్దుబారడం విమానం ఎక్కుతాయి. రెండో విడతకు మీరు ఇక్కడ ఉండరు. ఆలస్యంగా వచ్చే ఇన్ఫెక్షన్ అయితే మీరు అక్కడికి చేరాకే బయటపడుతుంది. అక్కడి డాక్టరు అడిగే మొదటి ప్రశ్న "ఏం ఇచ్చారు?" దానికి మీ దగ్గర జవాబు ఉండదు. ఇంత చెప్పినా చేయించుకుంటానంటే, సీసా లేబుల్‌ను, బ్యాచ్ నంబరు కనిపించేలా, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని పోట్లు, ఏ తేదీన, ఇవన్నీ డాక్టరు సంతకంతో కాగితం మీద రాయించుకోండి. చేయించుకోక ముందు గడ్డం కింది ఫొటోలు, నవ్వుతున్న ఫొటో ఒకటి కూడా తీసి పెట్టుకోండి. నవ్వు ముందునుంచే కాస్త పక్కకు ఉండేదా, తర్వాత అయిందా అని తేల్చడానికి అదే సాక్ష్యం. ఏదైనా తేడా చేస్తే అక్కడ మందుల మీద ఫిర్యాదులు తీసుకునే ఎఫ్‌డీఏ వాళ్ల మెడ్‌వాచ్‌కు రాయండి. ఇక్కడ ఉన్నవాళ్లు ఫార్మకోవిజిలెన్స్, అంటే మందుల దుష్ప్రభావాలు నమోదు చేసేవాళ్ల, టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024కు చెప్పండి. పేషెంట్లు కూడా చెప్పొచ్చు, డాక్టరే చెప్పాలని లేదు. అడిగేది మందు పేరు, బ్యాచ్ నంబరే. ఆ ఫొటో అందుకే దాచుకోమంటున్నాను.

ఇంకెవరైనా అడగాలనుకుంటే చెయ్యెత్తండి. మైకు అటు ఇవ్వండి బాబూ, ఆ నీలం చీర ఆవిడకి.